2025 వరల్డ్ సిరీస్ నిజంగా అంత గొప్పదా, రెండు మ్యాచ్‌లు చూసి మనమే మోసపోయామా?

కూకట్‌పల్లి లెఫ్టీ

వరల్డ్ సిరీస్ అంటే అమెరికా బేస్‌బాల్ లీగ్ ఫైనల్, ఏడింట్లో ముందు నాలుగు గెలిచినవాళ్లదే కప్పు. ముందే చెప్తున్నా, నేను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఫ్యాన్ కాదు, అవతలి టొరంటో బ్లూ జేస్ ఫ్యాన్ అసలే కాదు. మూడేళ్ల కింద క్లయింట్ కాల్స్‌లో వాళ్లంతా బేస్‌బాల్ గురించి నవ్వుకుంటుంటే మధ్యలో బొమ్మలా కూర్చోలేక చూడటం మొదలుపెట్టా. ఇప్పుడు వాళ్లకంటే నాకే పిచ్చి ఎక్కువైంది, అది వేరే సంగతి.

నా డౌట్ ఏంటంటే, ఈ సిరీస్ అయిపోయిన దగ్గర్నుంచి ఎవర్ని కదిపినా "చరిత్రలోనే బెస్ట్" అంటున్నారు. నాకైతే అలా అనిపించలేదు. ఏడు మ్యాచ్‌ల స్కోర్లు వరసగా రాస్తా చూడండి: 11-4, 5-1, 6-5, 6-2, 6-1, 3-1, 5-4. నాలుగు మ్యాచ్‌లు కనీసం నాలుగు పరుగుల తేడాతో పోయాయి. అంటే సగానికి పైనే. మనకి మ్యాచ్ తెల్లారి అయిదున్నరకి. అలారం పెట్టుకుని లేచి, కళ్లు నులుముకుంటూ ఫోన్ పట్టుకుంటే, మా అమ్మ తులసికోట దగ్గర కార్తీక దీపం పెట్టి, పూజ ముగించి, కాఫీ కలిపి తెచ్చేసరికి మ్యాచ్ ఎవరిదో తేలిపోతుంది. మరి నిద్ర పాడు చేసుకున్నది ఎందుకు?

గేమ్ 3 సంగతి ఒప్పుకుంటా. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాల్సింది, స్కోరు సమంగా ఉండి 18 దాకా సాగింది, 6 గంటల 39 నిమిషాలు. మంగళవారం, ఆఫీసుకి వెళ్లక తప్పదు. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కినప్పుడు 12వ ఇన్నింగ్స్, అమీర్‌పేటలో మారేటప్పుడు ఆ తోపులాటలో ఫోన్ తీసే దారి లేదు, రాయదుర్గంలో దిగేసరికి 14. మధ్యాహ్నం పన్నెండు దాటాక డాడ్జర్స్ ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ముగించినప్పుడు నేను మీటింగ్‌లో కూర్చుని "అయిపోతుంది సార్, ఈ వారంలోనే అయిపోతుంది" అంటున్నా. కానీ అందులో కూడా నిజం మాట్లాడుకుందాం, 8వ ఇన్నింగ్స్ నుంచి 17 దాకా ఒక్క పరుగు లేదు. పది ఇన్నింగ్స్ సున్నా! దాన్ని ఉత్కంఠ అనాలా, సాగదీత అనాలా?

చివరికి గెలిచింది ఎవరు? షోహెయ్ ఒటానీకి పదేళ్లకి 70 కోట్ల డాలర్లు, యమమోటోకి పన్నెండేళ్లకి 32.5 కోట్ల డాలర్లు రాసిచ్చిన డాడ్జర్సే. సినిమా మొదట్లోనే క్లైమాక్స్ చెప్పినట్టు లేదూ? తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.


బుల్‌పెన్ భయ్యా

తిట్టను కానీ తమ్ముడూ, నువ్వు మ్యాచ్ చూసి మాట్లాడట్లేదు, స్కోర్‌కార్డ్ చూసి మాట్లాడుతున్నావ్. లేదా మీ అమ్మగారు కాఫీ ఇవ్వగానే మళ్లీ పడుకున్నావ్, రెండిట్లో ఏదో ఒకటి.

నువ్వు "తేలిపోయాయి" అన్న నాలుగూ చూద్దాం. గేమ్ 1, 11-4. ఆరో ఇన్నింగ్స్ మొదలయ్యేటప్పుడు స్కోరు ఎంతో తెలుసా? 2-2. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో టొరంటో తొమ్మిది పరుగులు చేసింది. అందులో ఆడిసన్ బార్జర్ అప్పటికప్పుడు వేరేవాడి బదులు బ్యాటింగ్‌కి వచ్చి గ్రాండ్ స్లామ్ కొట్టాడు, అంటే బేస్‌లన్నీ (పరుగు పూర్తవ్వాలంటే వరసగా తొక్కుతూ రావాల్సిన మూడు చోట్లూ) సొంత టీమ్ వాళ్లతో నిండి ఉండగా హోమ్ రన్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలా బదులు వచ్చినవాడు గ్రాండ్ స్లామ్ కొట్టడం అదే మొదటిసారి. గేమ్ 2, 5-1. ఏడో ఇన్నింగ్స్ దాకా 1-1. డాడ్జర్స్ విల్ స్మిత్ హోమ్ రన్‌తో దారం తెగింది. గేమ్ 4, 6-2. ఏడో ఇన్నింగ్స్ ముందు 2-1. గేమ్ 5లో కూడా ఏడో ఇన్నింగ్స్ దాకా 3-1 మాత్రమే, ఒకడు బేస్ మీద ఉండి ఇంకొకడు గట్టిగా కొడితే సమం. నాలుగింట్లో ఒక్కటి కూడా మొదట్లోనే పోయిన మ్యాచ్ కాదు. చివర్లో పగిలినవి. కుండ పగిలాక ముక్కలు లెక్కపెట్టి "ఇది ముందునుంచీ ముక్కలే" అంటే ఎలా?

డబ్బు సంగతి. ఏడు మ్యాచ్‌లూ కలిపి టొరంటో 34 పరుగులు, లాస్ ఏంజెలెస్ 26. ఓడిన టీమ్ ఎనిమిది పరుగులు ఎక్కువ చేసింది! డబ్బే గెలిపిస్తే ఇలా ఉండదు. అయినా టొరంటో వాళ్లేమన్నా అడుక్కుతినే టీమా, గెరెరో జూనియర్‌కి పద్నాలుగేళ్లకి 50 కోట్ల డాలర్లు రాసింది వాళ్లే.


ఉప్పల్ ఈస్ట్ స్టాండ్

బేస్‌బాల్ నాకు కొత్త, ఈ ఒక్క సిరీసే పూర్తిగా చూశా, అదీ ఇంట్లో మా మరిది బలవంతం మీద. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. కానీ ఒక్క మాట మాత్రం ఖచ్చితంగా చెప్పగలను, మ్యాచ్‌లన్నీ పోటాపోటీగా ఉంటేనే సిరీస్ బాగున్నట్టు అన్న లెక్క తప్పు.

2020-21లో మనవాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిన సిరీస్ తీసుకోండి. అడిలైడ్‌లో 36కి ఆలౌట్, ఎనిమిది వికెట్ల తేడాతో ఓటమి. మెల్‌బోర్న్‌లో మనం ఎనిమిది వికెట్లతో గెలిచాం. రెండూ ఒకవైపు మ్యాచ్‌లే, నీ లెక్క ప్రకారం రెండూ చప్పవే. సిడ్నీ డ్రా. ఆ డ్రాలో హనుమ విహారి కాలి కండరం పట్టేసి 161 బంతులు ఆడి 23 పరుగులు చేశాడు, స్కోర్‌కార్డ్ చూస్తే దానంత బోరు ఇన్నింగ్స్ ఉండదు, కానీ ఆ రోజు ఒక్కో బంతికి ఊపిరి బిగబట్టి చూశాం కదా? ఆ తర్వాత బ్రిస్బేన్, మన సిరాజ్ ఐదు వికెట్లు, పంత్ చివరి ఫోరు. ఇప్పుడు చెప్పు, ఆ 36 ఆలౌట్ లేకపోతే బ్రిస్బేన్‌కి ఆ రుచి ఉండేదా?

గేమ్ 3లో పది ఇన్నింగ్స్ సున్నా అన్నావ్. అది విహారి ఇన్నింగ్స్ లాంటిదే అన్నా. నాకు ఆట సరిగ్గా రాకపోయినా అది మాత్రం అర్థమైంది. బౌలర్లు, సారీ, పిచర్లు అయిపోతున్నారు, డాడ్జర్స్ తరఫున పేరు కూడా వినని విల్ క్లైన్ అనేవాడు వచ్చి నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగివ్వలేదు. అవతల టొరంటో వాళ్లు ఒటానీని చూస్తే భయపడి వరసగా నాలుగుసార్లు కావాలనే వాక్ ఇచ్చి, అంటే కొట్టనివ్వకుండా ఊరికే మొదటి బేస్‌కి పంపేశారు. గల్లీ క్రికెట్‌లో మా బిల్డింగ్ వాచ్‌మెన్ కొడుకు బ్యాటింగ్‌కి వస్తే మేమూ అంతే, వాడికి వైడ్లు వేసి పక్కవాడికి బౌలింగ్ చేసేవాళ్లం.


కూకట్‌పల్లి లెఫ్టీ

@బుల్‌పెన్ భయ్యా, గేమ్ 1 ఆరో ఇన్నింగ్స్ నేను చూశా అన్నా, పడుకోలేదు. నిజం చెప్పాలంటే తొమ్మిది పరుగులు వస్తుంటే టీవీ రిపేరొచ్చిందేమో అనిపించింది. కానీ అది ఒక ఇన్నింగ్స్ ఉత్కంఠ, తర్వాత మూడు ఇన్నింగ్స్ శవ జాగారం.

@ఉప్పల్ ఈస్ట్ స్టాండ్, బ్రిస్బేన్‌తో కొట్టావ్, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ టెస్ట్ సిరీస్‌లో నేను ఇండియా వైపు ఉన్నా. 36కి ఆలౌటైతే నాకు నొప్పి. ఇక్కడ నాకు ఎవరి వైపూ లేదు కదా, 11-4 అయితే నాకేంటి, 4-11 అయితే నాకేంటి? బహుశా నా సమస్య అదేనేమో.

గేమ్ 6 గురించి మాత్రం ఎవరూ మాట్లాడట్లేదు. తొమ్మిదో ఇన్నింగ్స్, టొరంటో 3-1 వెనక, ఒకడు మొదటి బేస్ మీద, బార్జర్ లాగి కొడితే బంతి వెళ్లి గోడ అడుగున ఇరుక్కుంది. ఇరుక్కుంది కాబట్టి రూల్ ప్రకారం రెండు బేస్‌లే, పరుగు రాదు, వెనక్కి రండి అన్నారు. ఇదేం రూలు భయ్యా?


ఉప్పల్ ఈస్ట్ స్టాండ్

హహ, దానికి మాత్రం మేం పెద్ద మనసుతో ఒప్పుకున్నాం. మా మరిది అది వివరించబోతే మా ఇంట్లో అందరూ ఒకేసారి "స్కూటర్ కింద ఇరుక్కుంటే రెండు డిక్లేర్" అన్నారు. హైదరాబాద్ గల్లీలో పెరిగినవాడికి ఆ రూలు ఎవడూ నేర్పక్కర్లేదు.


డాలస్ రిటర్న్

ఎనిమిదేళ్లు డాలస్‌లో ఉండి వచ్చా, టెక్సాస్ రేంజర్స్ ఫ్యాన్‌ని, కాబట్టి నేను చెప్పేది కొంచెం ఏడుపులా ఉంటుంది, ఓపిక పట్టండి.

2011 వరల్డ్ సిరీస్, గేమ్ 6, అక్టోబరు 27. అవతల సెయింట్ లూయిస్ కార్డినల్స్, రేంజర్స్ సిరీస్‌లో 3-2తో ముందు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఆ టీమ్ చరిత్రలో మొదటి టైటిల్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5తో ముందున్నాం, ఇద్దరు ఔట్ (మూడో ఔట్‌తో ఇన్నింగ్స్ అయిపోతుంది), బ్యాటర్‌కి రెండు స్ట్రయిక్‌లు (మూడోది పడితే ఔట్), అంటే ఇంకొక్క బంతి. వాళ్ల డేవిడ్ ఫ్రీస్ కొట్టాడు, మా ఫీల్డర్ నెల్సన్ క్రూజ్ నెత్తి మీంచి పోయింది, సమం. పదో ఇన్నింగ్స్‌లో మా జాష్ హామిల్టన్ కొట్టి మళ్లీ 9-7 చేశాడు. మళ్లీ ఇద్దరు ఔట్, మళ్లీ రెండు స్ట్రయిక్‌లు, మళ్లీ ఒక్క బంతి. ఈసారి కొట్టింది వాళ్ల బెర్క్‌మన్. మళ్లీ సమం. పదకొండులో అదే ఫ్రీస్ హోమ్ రన్, 10-9. మరుసటి రోజు గేమ్ 7 కూడా పోయింది.

అప్పుడు నేను అపార్ట్‌మెంట్ హాల్లో కార్పెట్ మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నా. రూమ్మేట్ బిర్యానీ పొట్లం తెచ్చి ముందు పెట్టాడు, ఆకలేసి చచ్చిపోతున్నా, తెల్లారేదాకా ముట్టుకోలేదు. అది చూసిన అమెరికా మొత్తం "అద్భుతం, అమోఘం" అంది. నాకు అద్భుతంగా ఏం లేదు, వాంతి వచ్చేలా ఉంది.

అదే 2023లో రేంజర్స్ అరిజోనాని 4-1తో ఓడించి మొదటి టైటిల్ కొట్టారు. ఎవర్నడిగినా ఆ సిరీస్ చప్పగా సాగిందనే అంటారు. నాకు మాత్రం నా జీవితంలో అంత ఉత్కంఠ సిరీస్ ఇంకోటి లేదు, గేమ్ 5లో గెలిచాక మా ఆవిడ పక్కింటివాళ్లకి ఏదో అయిందని సర్ది చెప్పాల్సి వచ్చింది. కాబట్టి లెఫ్టీ, నువ్వన్నది కరెక్టే, నీ సమస్య సిరీస్ కాదు, నీకు టీమ్ లేదు. ముందు ఒక టీమ్‌ని పట్టుకో, ఏడు.


ఉస్మానియా బిస్కెట్

ఈ చర్చలో గేమ్ 7 గురించి ఎవరూ సరిగ్గా రాయలేదేంటి? నేను రాస్తా.

నవంబరు 2, ఆదివారం. మల్కాజిగిరిలో మా ఇల్లు. నేనూ మా నాన్నా. నాన్నకి క్రికెట్ తప్ప ఇంకేం తెలీదు, రైల్వేలో రిటైరయ్యారు, పొద్దున్నే లేచే అలవాటు, అంతకుమించి ఆయనకి ఆ మ్యాచ్‌తో సంబంధం లేదు. చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ "ఎవరు బ్యాటింగ్, ఎన్ని కావాలి" అని అడుగుతూ కూర్చున్నారు. మూడో ఇన్నింగ్స్‌లో టొరంటో బో బిషెట్, బ్యాటింగే కాదు పిచింగ్ కూడా చేసే ఒటానీ బంతిని మూడు పరుగుల హోమ్ రన్‌గా లేపినప్పుడు ఆయనకి ఆట అర్థమైపోయింది, సిక్సర్ కదా అన్నారు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌కి టొరంటో 4-3తో ముందుంది. ఇంకో రెండు ఔట్లు తీస్తే 1993 తర్వాత మొదటి టైటిల్. క్రీజులో డాడ్జర్స్ మిగెల్ రోహాస్, తొమ్మిదో నంబర్ బ్యాటర్, 36 ఏళ్లు, వాడు హోమ్ రన్ కొడతాడని వాళ్లింట్లో వాళ్లు కూడా అనుకోరు. కొట్టాడు. 4-4. స్టేడియంలో ఆ నిశ్శబ్దం టీవీలోంచి మా హాల్లోకి వచ్చింది, కుక్కర్ విజిల్ ఒక్కటే వినిపించింది.

అసలు సీన్ దాని తర్వాత. టొరంటో బ్యాటింగ్, బేస్‌లన్నీ నిండాయి, ఒక్కడే ఔట్. ఒక్క పరుగు చాలు, కప్పు వాళ్లది. పిచర్ యమమోటో, ముందు రోజే 96 బంతులు వేసి గేమ్ 6 గెలిపించిన మనిషి, మామూలుగా అయితే నాలుగైదు రోజుల దాకా మ్యాచ్‌లో బంతి చేతికివ్వరు. వార్షో నేల మీద కొట్టాడు. బంతి సెకండ్ బేస్ దగ్గర ఆ రోహాస్ చేతికే వెళ్లింది, అందుకుంటూ తూలాడు, పడబోతూనే హోమ్ ప్లేట్‌కి (బ్యాటర్ నిలబడే చోటు, రన్నర్ అక్కడికి చేరితేనే పరుగు) విసిరాడు. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) స్మిత్ పట్టుకున్నాడు, బంతి చేతిలో ఉండగా రన్నర్ కంటే ముందు ప్లేట్ మీద కాలు ఉంటే ఔట్, కానీ పట్టుకునేటప్పుడు కాలు ప్లేట్ మీంచి లేచింది. మూడో బేస్ నుంచి బయల్దేరిన రన్నర్ కైనర్-ఫలేఫా జారుకుంటూ వస్తున్నాడు. స్మిత్ కాలు మళ్లీ దిగింది. ఔట్. రీప్లేలో చూశాం, ఆ కాలికీ ఈ కాలికీ మధ్య వేలెడు తేడా కూడా లేదు.

అప్పుడు మా నాన్న చాయ్ కప్పు కింద పెట్టి ఒక్క మాటన్నారు. "వాడేంట్రా బేస్‌కి అతుక్కుని నిలబడ్డాడు? నాన్‌స్ట్రయికర్ లాగా నాలుగడుగులు ముందుకొచ్చి ఉండాలి కదా?" నేను నవ్వా, నాన్నా ఇది క్రికెట్ కాదు అన్నా. తర్వాత చూస్తే అమెరికాలో, కెనడాలో రెండు రోజులు అందరూ గొడవపడింది సరిగ్గా దాని మీదే! లైన్ డ్రైవ్ (నేరుగా గాల్లో దూసుకెళ్లే బంతి) ఫీల్డర్ చేతిలో పడితే డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్ అవుతారని బేస్ దగ్గరే ఉండమన్నారని ఆ రన్నర్ చెప్పుకోవాల్సి వచ్చింది. నాన్న ఇప్పటికీ మా చుట్టాలకి ఫోన్ చేసి "నేను ముందే చెప్పా" అంటున్నారు.

ఆ వెంటనే ఎర్నీ క్లెమెంట్ లోతుగా కొడితే డాడ్జర్స్ ఫీల్డర్ పాహెస్ పరుగెత్తుకొచ్చి, ముందే అక్కడికి చేరుకున్న సొంత టీమ్ ఫీల్డర్ని గుద్దేసి క్యాచ్ పట్టాడు. గుద్దించుకున్నవాడు కింద పడి పోయిందనుకుని మొహం నేలకి పెట్టేశాడు. 11వ ఇన్నింగ్స్‌లో స్మిత్ హోమ్ రన్, 5-4, చివరికి డబుల్ ప్లేతో ముగింపు. మూడు మ్యాచ్‌లు గెలిపించిన యమమోటోకే సిరీస్ ఎంవీపీ, మన ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ లాంటిది. మాకు పావు తక్కువ పది.

అదే రోజు సాయంత్రం అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్, వాన వల్ల రెండు గంటలు ఆలస్యం, అర్ధరాత్రి దాకా. మన కడప శ్రీచరణి ఆ టీమ్‌లో, షెఫాలీ 87, దీప్తి ఐదు వికెట్లు, 52 పరుగులతో గెలుపు. ఆ ఒక్క ఆదివారం నేను, నాన్న సోఫా దిగలేదు. రాత్రి గెలుపు మనది కాబట్టి అదే గొప్ప, సందేహం లేదు. కానీ ఊపిరాడనిది మాత్రం పొద్దున్నదే, దాంట్లో కూడా నాకు టీమ్ లేదు లెఫ్టీ గారూ, డాలస్ అన్న చెప్పింది నేను ఒప్పుకోను.


బుల్‌పెన్ భయ్యా

అక్కా, మీ నాన్నగారిని మాకు కామెంటరీకి పంపించండి.

లెఫ్టీ, నీకో పని. గేమ్ 5 మళ్లీ మొదటి పది నిమిషాలు చూడు. అంతే.


కూకట్‌పల్లి లెఫ్టీ

చూశా. నిన్న రాత్రి అన్నం తింటూ పెట్టా. మొదటి బంతికే టొరంటో డేవిస్ ష్నైడర్ హోమ్ రన్. ఇంకో రెండు బంతులకి గెరెరో హోమ్ రన్. మూడు బంతులు, రెండు హోమ్ రన్లు. అప్పుడు లైవ్‌లో నేను బ్రష్ చేసుకుంటున్నా, ఫోన్ వాష్‌బేసిన్ పక్కన పెట్టి ఉంది, చూసేసరికి 2-0, అందుకే "ముందే తేలిపోయింది" అని మనసులో పడిపోయినట్టుంది. ఆ తర్వాత టొరంటో పిచర్, 22 ఏళ్ల ఎసావేజ్ 12 మందిని స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లతో ఔట్) చేయడం పది నిమిషాలు అనుకున్నవాణ్ని రెండు గంటలు కూర్చోబెట్టింది, పప్పు చల్లారిపోయింది, అమ్మ తిట్టింది.

నా ప్రశ్న వెనక్కి తీసుకోను. "చరిత్రలోనే బెస్ట్" అనేవాళ్లు ముందు 1991 వరల్డ్ సిరీస్ గేమ్ 7లో పిచర్ జాక్ మోరిస్ పది ఇన్నింగ్స్ ఒక్కడే వేసి 1-0తో గెలిపించింది చూసి రావాలి. కానీ నాలుగు చప్ప మ్యాచ్‌లు అన్నా కదా, గేమ్ 5 ఆ లిస్టులోంచి తీసేస్తున్నా. గేమ్ 2 ఈ శనివారం చూసి చెప్తా. గేమ్ 4 మాత్రం చచ్చినా తియ్యను.